కట్టకు చార్జి ఎవరు తీసుకుంటారు?

జంషెడ్‌పూర్‌కు బదిలీ మీద వచ్చిన పిల్లలంతా ఒక్కసారైనా డిమ్నాకు పిక్నిక్ వెళ్లే ఉంటారు. దల్మా కొండల పక్కన అన్ని నీళ్లు చూసి అది సహజంగా ఏర్పడిన సరస్సే అనుకుంటారు. కాదు. నీటి అవసరాల కోసం టాటా స్టీల్ కట్టించిన జలాశయం అది. ఆ నీళ్లను ఆపుతున్నది మట్టికట్ట. ఆనకట్ట అంటే ప్రభుత్వానిదే అనుకునే మనకు ఇది కొత్తగా ఉంటుంది.

మట్టికట్ట సంగతి మన తెలుగు పల్లెలకు బాగా తెలుసు. కట్ట, తూము, అలుగు ఉంటేనే చెరువు. తూములోంచి పొలానికి నీళ్లు వెళ్తాయి, ఎక్కువైన నీరు అలుగు మీదుగా పోతుంది. తెలంగాణలో దాన్ని మత్తడి అంటారు. అలుగు మూసుకుపోతే నీరు కట్ట మీద నుంచి పొర్లుతుంది. అప్పుడు మట్టి కోసుకుపోయి చూస్తుండగానే గండి పడుతుంది. ఇంకో ప్రమాదం కట్ట లోపల ఉంటుంది. ఎలుక బొరియల వెంట, చచ్చిన చెట్ల వేళ్ల వెంట నీరు ఊరుతుంది. ఆ ఊట తేటగా ఉన్నంతవరకు కొంత నయం. బురదగా వస్తోందంటే కట్ట లోపల మట్టి కరిగిపోతున్నట్టే. ఇవన్నీ కనిపెట్టడానికే ఊళ్లో నీరటి ఉండేవాడు.

కట్ట చేతులు మారినప్పుడు ఈ పని ఎవరిది? అమెరికాలో జాన్స్‌టౌన్ అనే ఊరుంది. అప్పట్లో అది మన జంషెడ్‌పూర్ లాగే ఉక్కు కర్మాగారం ఊరు. దానికి ఎగువన, దాదాపు 22 కిలోమీటర్ల దూరంలో సౌత్ ఫోర్క్ అనే మట్టి ఆనకట్ట ఉండేది. కాలువలో పడవలు నడపడానికి ప్రభుత్వం కట్టింది. తర్వాత రైల్వే కంపెనీ కొన్నది. ఆ తర్వాతి యజమాని అడుగున ఉన్న ఇనుప తూము గొట్టాలు పీకించి అమ్ముకున్నాడు. చివరికి అది పెద్ద పెద్ద వ్యాపారుల వేట క్లబ్బు చేతికొచ్చింది. వాళ్లు గొట్టాలు మళ్లీ వేయించలేదు. బగ్గీలు పోవడానికి వీలుగా కట్టపైభాగాన్ని కొంత తగ్గించారు. చేపలు బయటికి పోకుండా అలుగుకు జాలీలు కట్టారు! దిగువనున్న ఉక్కు కంపెనీ వాళ్లు ఇంజనీరును పంపి చూపించి, లోపం చెప్పినా క్లబ్బు చెవిన పెట్టలేదు. 1889 మే 31న భారీ వానకు కట్ట తెగింది. 2,209 మంది చనిపోయారు. క్లబ్బు మీద వేసిన దావాలు నిలవలేదు.

ప్రభుత్వ కట్టలు తెగవా అంటే, తెగుతాయి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. యజమాని ఎవరన్నది వరదకు పట్టదు.

అదే ఏడాది డిసెంబరులో మన దేశంలో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. దాని ప్రకారం యజమాని కంపెనీ అయినా సరే, వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలి, అత్యవసర ప్రణాళిక తయారు చేయాలి. మంచి చట్టమే. కానీ అది 15 మీటర్లు దాటిన ఆనకట్టలకూ, 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటిలో కొన్నింటికీ మాత్రమే. తోటలో, రిసార్టులో, చేపల చెరువు దగ్గర ఎవరో పోయించుకున్న ఆరేడు మీటర్ల కట్ట ఆ లెక్కలోకి రాదు. దాని కింద పది ఇళ్లుంటే ఆ పది ఇళ్లకూ అది పెద్ద ఆనకట్టే.

మీ ఇంట్లో బదిలీ ఉత్తర్వు రాగానే ఏం జరుగుతుందో చూశారుగా. నాన్నగారో అమ్మగారో తాళాలు, రిజిస్టర్లు, స్టాకు లెక్కచూసి అప్పగించి, సంతకం తీసుకుంటేగానీ కదలరు. నా పుస్తకాల బీరువాకే నేను ప్రతి బడిలో చార్జి లిస్టు రాశాను. మరి చెరువుతో సహా భూమి అమ్మేటప్పుడు అలుగు వెడల్పెంత, తూము చివరిసారి ఎప్పుడు తెరిచారు, ఊట ఎక్కడుంది అన్న లెక్క కూడా కొత్త యజమానికి రాసి అప్పగించాలని చట్టం అడగాలి. ఒక కాపీ దిగువ ఊరి పంచాయతీలో ఉండాలి. ఖర్చు పెద్దగా ఉండదు, నాలుగు కాగితాలు, ఒక సంతకం.