అయిదు గంటల కూలివాడు

రెండు కాళ్లు, రెండు చేతులు, ఇంచుమించు మనిషంత ఎత్తు. పేరు 'డిజిట్'. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక గిడ్డంగిలో 2024లో ఈ మరమనిషిని పనిలో పెట్టారు. సరుకుల డబ్బాలు ఎత్తి కన్వేయర్ బెల్టు మీద పెట్టడం దాని పని.

అలాంటి తోటి పనివాడు పక్కకొస్తే మనకేమనిపిస్తుంది? బరువులు మోసి నడుము అరిగినవారికి కొంత ఊరట. రేపు మన కూలి ఏమవుతుందోనన్న దిగులు. ఈ రెండూ కాక చెప్పలేని జంకు కూడా ఉంటుంది. జపాన్ శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే దీన్ని వివరించాడు. యంత్రం మనిషిని పోలిన కొద్దీ దానిపై ఇష్టం పెరుగుతుందట. దాదాపు మనిషే అనిపించే దశకొస్తే మాత్రం ఆ ఇష్టం బెదురుగా మారుతుందట.

ఆ బెదురులో తప్పులేదు. దేవుడు మనిషిని తన స్వరూపంలో సృజించాడు. మనం మన రూపంలో చేసుకున్నదానికి చేతులుంటాయి గానీ ఆకలి ఉండదు, ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలుండరు. అది బరువు మోస్తుంది. తోటివాని భారం మోయలేదు.

అయితే అసలు భయపడాల్సింది మరొకటుంది. 'రోబో' అనే మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంతో లోకానికి తెలిసింది. దాని మూలపదానికి అర్థం వెట్టిచాకిరీ. ఐగుప్తులో ఫరో ఇశ్రాయేలీయులతో చేయించింది అదే కదా! మనిషిలాంటి యంత్రం రాకముందే మనిషిని యంత్రంలా వాడుకోవడం మనకు తెలుసు. ఆ పాపం యంత్రానిది కాదు, మనదే.

పని శాపం కాదు. పాపం లోకంలోకి రాకముందే దేవుడు ఆదాముకు తోటపని అప్పగించాడు (ఆది 2:15). వెన్ను విరిచే బరువులు యంత్రం మోస్తే సంతోషమే. కానీ దాని స్థానంలో నిన్నటిదాకా ఉన్న మనిషి ఏమయ్యాడు?

మత్తయి 20వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం చూడండి. ద్రాక్షతోట యజమాని సాయంత్రం అయిదు గంటలకు కూడా సంతవీధికి వెళ్లాడు. అక్కడ నిలబడినవారు పని ఇష్టంలేనివారు కారు. వారిని పిలిచినవారే లేరు. గంటసేపు పనిచేసినా వారికి పూర్తి దినకూలి, ఒక దేనారం ముట్టింది. అది దేవుని కృపను గురించిన ఉపమానం. ఆ కృప పొందిన మనం సంతవీధి వైపు చూడకుండా ఎలా ఉండగలం?

యంత్రాలు కొనే యజమానుల్లో విశ్వాసులూ ఉన్నారు. మిగిలే జీతాల లెక్క వేసేటప్పుడు, ఆ జీతం మీద బతికిన కుటుంబాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తీసేయడానికి ముందు మరో పని నేర్పించాలి. ఇక సంఘ కాపరులమైన మేము, ఆదివారం ఎవరు ఆరాధనకు రాలేదో లెక్కపెట్టుకుంటాం. ఎవరి పని పోయిందో కూడా మాకు తెలియాలి. అయిదు గంటలకు నిలబడ్డవాని దగ్గరికి ఏ యంత్రమూ నడిచి వెళ్లదు. మనమే వెళ్లాలి.