దేశం ఎదిగిందా? దేనితో కొలవాలి?

2022లో మన దేశం బ్రిటన్‌ను దాటి ప్రపంచంలో అయిదో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయిందని చాటారు. అప్పట్నుంచి ఏ సభలో చూసినా ఇదే మాట. కూలీల సమావేశాల్లో కుర్రవాళ్లు కూడా అడుగుతున్నారు: "రోడ్డొచ్చింది, కరెంటొచ్చింది, చేతిలో ఫోనుంది. ఇంకా ఎదగలేదంటారేమిటి?" అని. దీనికి వెటకారంగా జవాబు చెబితే కుదరదు.

వచ్చింది వచ్చిందనే ఒప్పుకోవాలి. 1971లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020కి అది 28కి దిగింది. ఇది చిన్న సంగతి అనేవాడు పసిబిడ్డను పూడ్చిన తల్లిని చూసి ఉండడు. అయితే అదే 2020లో కేరళలో 6, మధ్యప్రదేశ్‌లో 43. దేశం ఒక్కటే కదా, మరి ఇంత తేడా ఎందుకు? ఒక్క డబ్బు వల్లనే కాదు. ఆసుపత్రి ఊరికెంత దగ్గర, తల్లి ఎంత చదువుకుంది, కౌలుదారుకు కాళ్లకింద నేల దక్కిందా అన్నవి చూడాలి. కేరళలో కౌలు పద్ధతి 1970 జనవరి 1 నుంచి రద్దయింది.

ఇక సగటు ఆదాయం మాట. 200 ఎకరాల కామందునూ సెంటు భూమి లేని పాలేరునూ పక్కపక్కన నిలబెట్టి, తలకు నూరెకరాలు అన్నట్టుంటుంది ఈ లెక్క. జాతీయాదాయం కట్టే పద్ధతికి రూపమిచ్చిన సైమన్ కుజ్నెట్సే 1934లో అమెరికా సెనేట్‌కిచ్చిన నివేదికలో, దాన్ని చూసి జనం క్షేమం తేల్చలేమని హెచ్చరించాడు. ఆయన మనవాడేమీ కాదు లెండి.

మేము మొదట చూసేది కూలి. చేతికొచ్చిన నోట్లు కాదు, వాటికి బజారులో ఏమొస్తుందన్నది. రిజర్వుబ్యాంకు ప్రచురించే కూలిరేట్ల నుంచే ఆర్థికవేత్త జీన్ డ్రెజ్ లెక్క తీశారు. 2014-15 నుంచి 2021-22 దాకా, ధరల పెరుగుదల తీసేస్తే, వ్యవసాయ కూలి ఏడాదికి నూటికి ఒక్క వంతు కూడా పెరగలేదు. అంటే నూరు రూపాయల కూలి మీద ఏటా రూపాయి లోపే! అదే కాలంలో పెరిగిన దేశాదాయం ఎవరి గాదెలోకి చేరినట్టు?

రెండోది, మనుషులు ఎటు నడుస్తున్నారన్నది. ఎదిగే దేశంలో జనం సేద్యం వదిలి అంతకన్నా మంచి పనుల్లోకి పోతారు. ఇక్కడ కేంద్ర ప్రభుత్వపు శ్రామిక సర్వే ప్రకారం సేద్యంలో ఉన్నవాళ్లు 2018-19లో నూటికి 42.5 మంది, 2023-24లో 46.1 మంది. కరోనా కాలంలో వలస కూలీలు ఊళ్లకు తిరిగొచ్చారు, నిజమే. మరి ఆ తర్వాతైనా తగ్గలేదేం? వీళ్లంతా కలిసి పంచుకునేది దేశాదాయంలో అయిదో వంతు కూడా లేదు. ఆడవాళ్లు ఎక్కువమంది పనుల్లోకి వస్తున్నారని దీన్నే ప్రగతి కింద చూపుతున్నారు. అలా వచ్చినవాళ్లలో చాలామందిది సొంత కమతంలో జీతం లేని చాకిరీ.

ఆ ఆడవాళ్ల ఒంట్లో రక్తం ఎంత? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో నూటికి 53 మందికి రక్తహీనత ఉండేది. 2019-21కి అది 57 అయింది. దేశం సంపద పెరిగిన రోజుల్లోనే నాట్లేసే మనిషి పాలిపోయింది.

ఈసారి కూలిరేటు మాట్లాడే ముందు ఊరూరా మనమే రాసి పెట్టుకుందాం: రోజు కూలికి ఎన్ని కిలోల బియ్యం, ఎంత కందిపప్పు, ఎంత నూనె వస్తున్నాయి, ఏడాదిలో పని ఎన్నాళ్లు దొరికింది, మగకూలికీ ఆడకూలికీ తేడా ఎంత. అయిదేళ్ల కిందటి లెక్క పెద్దాళ్లనడిగి పక్కనే రాయాలి. ఆ కాగితం చేతిలో ఉంటే కుర్రవాళ్ల ప్రశ్నకు జవాబు వాళ్ల చేతనే చెప్పించొచ్చు.