ఖల్లివల్లీలను తయారుచేసిందెవరు?

కాగితాల్లేని పరదేశీయులపై సౌదీ ప్రభుత్వం 2013లో కఠిన చర్యలకు దిగింది. నవంబరు 3తో గడువు ముగిసింది. ఆ ఏడాది లక్షకు పైగా భారతీయులు ఇంటిదారి పట్టారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

పరదేశీయులు పోతే తమ యువకులకు నౌకరీలు దొరుకుతాయన్నది అక్కడి వాదన. దుకాణాల్లో, ఆఫీసుల్లో కొందరికి దొరికిన మాట నిజమే. కానీ మదీనా వీధుల్లో చెత్త పేరుకుపోయింది, చిన్న కంట్రాక్టర్ల పనులు నిలిచిపోయాయి. 2017లోనూ సౌదీ పౌరుల్లో నిరుద్యోగం 12 శాతానికి పైనే ఉంది.

అసలీ ఖల్లివల్లీలు ఎవరు? యెమన్ సరిహద్దు దొంగతనంగా దాటి వచ్చినవారు ఉన్నారు. మనవాళ్ళు మాత్రం చాలావరకు వీసాతో విమానం దిగినవారే. కఫీల్ జీతం ఎగగొడితే, పాస్‌పోర్టు దాచుకుంటే, విధిలేక పారిపోయి మరోచోట పనికి కుదిరారు. 'హురూబ్', అంటే పరారీ అని కఫీల్ ఒక్క ఫిర్యాదు చేస్తే చాలు, ఇఖామా ఉన్నవాడు కూడా నేరస్థుడైపోయేవాడు. ఇక ఆజాద్ వీసా సంగతి. (చట్టంలో అలాంటి వీసాయే లేదు సుమా!) దాన్ని అమ్ముకునేది స్థానికుడు, పట్టుబడేది కొన్నవాడు.

2021 మార్చి నుంచి, ఏడాది నిండితే కఫీల్ అనుమతి లేకుండానే నౌకరీ మారవచ్చన్నారు. ఇళ్ళల్లో పనిచేసేవారిని, ఎడారిలో గొర్రెలు కాసేవారిని మాత్రం అందులో చేర్చలేదు. పూర్తిగా యజమాని దయమీద బతికేది వారే.