‘మీరు’ అనాల్సింది మేమేనా?

బడిలో మన పిల్లల మీద మొదట పడే ముద్ర చదువు రాదని కాదు, మర్యాద రాదని. ఆరేళ్ల పిల్లవాడు గూడెం నుంచో తండా నుంచో వచ్చి, సార్‌ను "నువ్వు ఎప్పుడొచ్చినవ్?" అని అడుగుతాడు. తరగతి నవ్వుతుంది. సార్‌కు కోపమొస్తుంది. "పెద్దంతరం చిన్నంతరం లేదారా నీకు?" అంటాడు. ఆ మందలింపును ఒకసారి వినండి. అందులో ‘రా’ ఉంది, ‘నీకు’ ఉంది. మర్యాద నేర్పే మాటలోనే మర్యాద లేదు. మన బాధంతా అక్కడుంది. తెలుగులో ‘మీరు’ అనే మాటను మన నుంచి వసూలు చేస్తున్నారు కానీ, మనకు తిరిగి ఇవ్వడం లేదు.

ఆ పిల్లవాడు నిజంగా మర్యాద తెలియని వాడేనా? మా లంబాడీ ఇళ్లలో యాడిని, బాపును ‘తూ’ అనే అంటాం. గౌరవం ఆ మాటలో ఉండదు, వేరే చోట ఉంటుంది. పేరు పెట్టకుండా వరసతో పిలవడంలో ఉంటుంది. ఎదురుపడగానే ముందుగా ‘రామ్ రామ్’ చెప్పడంలో ఉంటుంది. నాయక్, కార్‌భారి మాట్లాడుతుంటే మధ్యలో నోరు పెట్టకపోవడంలో ఉంటుంది. ఇంటికొచ్చిన మనిషికి ఏ పనిమీద వచ్చావని అడగకముందే నీళ్ల చెంబు అందించడంలో ఉంటుంది. బయటివాళ్లకు మన ‘నువ్వు’ వినిపిస్తుంది, ఈ మిగతావేవీ కనిపించవు.

ఆ మాటకొస్తే తెలుగు మాత్రం? తెలుగు పిల్లలు అమ్మను ‘నువ్వు’ అనే అంటారు. దేవుణ్ణి ‘నీవు’ అనే వేడుకుంటారు. పాత కావ్యాలు తిరగేస్తే రాజును ‘నీవు’ అన్న చోట్లు అడుగడుగునా కనిపిస్తాయి. వాళ్లెవరికీ సంస్కారం లేదని ఎవరూ అనలేదు. దేవుడికి సరిపోయిన మాట ఎమ్మార్వోకు సరిపోకపోవడం ఏ వ్యాకరణం?

ఇది వ్యాకరణం కాదు, అధికారం. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే ఇద్దరు పండితులు యూరప్ భాషలను పరిశీలించి 1960లోనే ఈ సంగతి రాశారు. ఇద్దరి మధ్య ‘మీరు’ ఒకవైపే పోతూ, ‘నువ్వు’ ఒకవైపే వస్తుంటే, అక్కడున్నది అధికారం. ఇద్దరూ ఒకే మాట ఇచ్చిపుచ్చుకుంటే అక్కడున్నది సాటితనం. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో క్వేకర్లు అనే మతస్తులు పెద్దవాళ్లను కూడా ఏకవచనంతోనే పలుకుతామని పట్టుబట్టి తిట్లూ దెబ్బలూ తిన్నారు. స్వీడన్‌లో 1967లో బ్రూర్ రెక్సెడ్ అనే పెద్ద అధికారి తన కార్యాలయంలో అందరినీ ‘నువ్వు’ అనే పిలుస్తానని ప్రకటించాడు. ఆ దేశం దాదాపుగా ఆ దారినే పట్టింది. అంటే ఎవరిని ఏమని పిలవాలన్నది సమాజం తేల్చుకునే విషయం. సమాజం తలచుకుంటే మార్చుకోగలిగిన విషయం.

ఇక మన సికింద్రాబాద్ సంగతికి వద్దాం. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊరు కంటోన్మెంట్ ఊరు. ఇంగ్లీషు, ఉర్దూ, తమిళం, తెలుగు ఒకే సందులో వినిపిస్తాయి. ఆదిలాబాద్ బస్సు దిగి జేబీఎస్‌లోనో, రైలు దిగి స్టేషన్ ముందో నిలబడ్డ మన మనిషి తన మర్యాదను ఇన్ని భాషల కొలతలకు సరిపెట్టుకోవాలి. ఉర్దూలో ‘ఆప్’, ‘తుమ్’, ‘తూ’ అని మూడు మెట్లున్నాయి. అన్నిటికన్నా కింది మెట్టు ‘తూ’. మా గోర్ బోలిలో తల్లిని పిలిచే ‘తూ’ ఈ ఊరి చెవికి తిట్టులా వినిపిస్తుంది. కొత్త మనిషిని మా ముసలమ్మ ప్రేమగా ‘తూ’ అంటే, అతను మొహం చిట్లిస్తాడు. అదే మనిషి కూలీల అడ్డా మీద తన తండ్రి వయసున్న నాయక్‌ను "ఏయ్, ఎంత తీస్కుంటవ్ రా?" అంటాడు. అప్పుడు ఎవరి మొహమూ చిట్లదు.

పిలుపులే కాదు, మాటల మూటలోనే మనమీద తీర్పు రాసి పెట్టారు. నగరం నుంచి ‘నాగరికం’ పుట్టింది. నగరంలో లేనివాళ్లం అనాగరికులమయ్యాం. నగరం నడిబొడ్డున ఘోరం జరిగితే పత్రికలు దాన్ని ‘ఆటవిక చర్య’ అంటాయి. చేసింది నగరం, చెడ్డపేరు అడవికి. రంగురంగుల బట్టలు వేసుకున్న అమ్మాయిని ‘లంబాడీ దానిలా’ అని వెక్కిరిస్తారు. 1989 అత్యాచార నిరోధక చట్టం కులం పేరుతో నలుగురిలో దూషించడాన్ని పట్టుకుంటుంది. రోజూ వినే ‘రా’ను, ‘ఏయ్’ని ఏ చట్టం పట్టుకుంటుంది?

ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. వ్యావహారిక భాష కోసం పోరాడాడని ఉపన్యాసాలిస్తారు. ఆయన ఏళ్ల తరబడి సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశాడనీ, అది 1931లో అచ్చయిందనీ ఎంతమంది చెబుతారు? 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఈ దారి కొత్తది కాదు, మధ్యలో వదిలేసింది. రాజ్యాంగంలో 350ఏ అధికరణం 1956 నుంచీ ఉంది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించమంటుంది. 2011 జనగణనలో లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. ఆ లెక్కను ప్రభుత్వం హిందీ కింద కలిపేసింది. మా భాషను హిందీ గంపలో వేశాక, మా ‘తూ’ను హిందీ కొలతతో కొలవడంలో వింతేముంది?

"ఇవన్నీ సరే, రేపు ఇంటర్వ్యూలో ‘నువ్వు’ అంటే ఉద్యోగం ఎవరిస్తారు?" అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన పిల్లలకు ‘మీరు’ రావాల్సిందే. కానీ దాన్ని ఎలా నేర్పుతున్నారన్నదే తగువు. "ఇంట్లో ఇలా అంటావు, అది సరైనదే. ఆఫీసులో ఇలా అంటారు, ఇదీ నేర్చుకో" అని చెబితే పిల్లవాడికి రెండు మర్యాదలు వస్తాయి. "నీకు బుద్ధి లేదు" అని చెబితే ఒకటి వస్తుంది, ఇంకొకటి సిగ్గై కూర్చుంటుంది. ఆ పిల్లవాడు మరుసటి రోజు నుంచి నోరు తెరవడు. అప్పుడు ‘మొద్దు’ అని రెండో ముద్ర వేస్తారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ కూడదంటుంది. భాషను వెక్కిరించడం వేధింపు కాకపోతే ఇంకేమిటి?

కాబట్టి టీచర్లను అడిగేది చిన్న కోరికే. తల్లిదండ్రుల సమావేశానికి కూలి మానుకుని వచ్చిన తల్లిని "రామ్మా, కూర్చోండి" అనండి. సర్పంచ్ పేరు పక్కన పెట్టే ‘గారు’ను ఆ తండ్రి పేరు పక్కనా పెట్టండి. వంద నీతి పాఠాలు చెప్పలేని సంగతి ఆ పిల్లవాడు ఆ ఒక్క మాటలో నేర్చుకుంటాడు.

యువతకు ఒక మాట. సికింద్రాబాద్‌లో గది తీసుకుని కోచింగ్‌కు పోయే మనవాళ్లు బస్సులో యాడి ఫోన్ చేస్తే గొంతు తగ్గిస్తున్నారు. తెలుగులోకి మారిపోతున్నారు. వద్దు. నిండు బస్సులో గట్టిగానే మాట్లాడండి, ‘తూ’ అనే అనండి. ‘మీరు’ అన్నవాళ్లను ‘మీరు’ అనండి. మీ తండ్రిని ‘రా’ అన్నవాణ్ణి మాత్రం ఆపి, "పెద్దమనిషి, ‘మీరు’ అనండి" అని నిదానంగా చెప్పండి. కోపం అక్కర్లేదు, తలవంచుకోవడం అసలే అక్కర్లేదు. మర్యాద అప్పు లాంటిది. ఇన్నేళ్లుగా మనమే ఇస్తూ వచ్చాం. ఇప్పుడు తిరిగి అడుగుతున్నాం.