శాతవాహనుల వెండి నాణేలపై భాష: తొందరపాటు తీర్పులు

శాతవాహన వంశపు చివరి ప్రబల పాలకుడు యజ్ఞశ్రీ శాతకర్ణి. ఆయన అనంతరం సామ్రాజ్యం ముక్కలైంది. ఆ క్షీణదశకు ముందువెనుకల వెలువడిన వెండి నాణేలను తెలుగు ప్రాచీనతకు తిరుగులేని సాక్ష్యంగా చూపడం కొందరికి ఆనవాయితీ అయింది. ఆ సాక్ష్యం అంత బరువు మోయలేదు.

మొదట నాణెం సంగతి. శాతవాహన రాజ్యంలో నిత్యవ్యవహారం ప్రధానంగా సీసం, పోటిన్, రాగి నాణేలతోనే సాగింది. వెండి పశ్చిమ క్షత్రపుల పద్ధతి. గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుని వెండి నాణేలపైనే తన ముద్ర వేయించాడని 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో దొరికిన 13,000కు పైబడిన నాణేల రాశి నిరూపించింది. తరువాత వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ మొదలైనవారు రాజశిరస్సుతో, సుమారు 2 గ్రాముల తూకంతో వేయించిన నాణేలకు కూడా క్షత్రప నాణెమే నమూనా. ఇటువంటి నాణేన్ని కృష్ణాతీరపు వాడుక భాషకు నేరుగా ముడిపెట్టడం అసమంజసం.

ఇక భాష. ముఖభాగాన ఉన్నది ప్రాకృతం. వెనుకవైపు 'అరహణకు', 'మకణకు' వంటి ద్రావిడ రూపాలను పండితులు చదివారు. వీటిలోని చివరి భాగాన్ని 'రామునకు'లోని 'నకు'తో సమానం చేసేవారు ఒక విషయం విస్మరిస్తున్నారు. 'మకన్' వంటి ప్రాతిపదికలో నకారం పుంలింగ ప్రత్యయానిది. విభక్తిగా మిగిలేది 'కు' ఒక్కటే. అది తమిళానికీ ఉన్నది. కన్నడంలో 'కె', 'గె'లుగా కనిపిస్తుంది. పైగా కుమారునికి తెలుగు మాట 'కొడుకు'. తెలుగున 'మగ' పురుషత్వవాచి మాత్రమే.

ఇది తమిళమేనని తేల్చేవారి వాదమూ నిలవదు. ప్రాచీన తమిళ సంధి ప్రకారం 'మకన్'పై 'కు' చేరితే 'మకఱ్కు' కావాలి. నాణెంపై ఉన్నది ఆ రూపం కాదు.

తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధమైన కలమళ్ళ శాసనం ఆరవ శతాబ్దిది. యజ్ఞశ్రీ రెండవ శతాబ్ది చివరివాడు. దాదాపు నాలుగు శతాబ్దుల ఈ ఎడాన్ని ఒక్క ప్రత్యయంతో పూడ్చడం శాస్త్రం కాదు, అభిమానం. 2008లో ప్రాచీన భాషగా గుర్తింపు పొందిన తెలుగుకు ఇటువంటి అరువు సాక్ష్యం అవసరమూ లేదు.

ప్రాకృతం ఏలుతున్న కాలంలో ఒక ద్రావిడ భాష రాజముద్ర కలిగిన వెండిపైకి ఎక్కింది. నాణేలు నిస్సందేహంగా చెప్పేది ఇంతే. ఇది చిన్న విషయమూ కాదు. ప్రతి నాణెపు పాఠాన్నీ, పాఠభేదాలనూ, దొరికిన చోటునూ కలిపి పరిశీలించిన తరువాతనే ఆ భాషకు పేరు పెట్టాలి. పేరు ముందే నిర్ణయించుకొని అక్షరాలను దానికి అనుగుణంగా చదవడం పరిశోధన అనిపించుకోదు.