కార్డు ఉంది కదా అని కత్తికి తొందరపడకండి

“ఎలాగూ కార్డు ఉంది. చేతి డబ్బు పెట్టే పని లేదు. పిల్లలు పుట్టారు, కుటుంబ నియంత్రణ ఆపరేషనూ అయింది. ఇంకా గర్భసంచితో పనేముంది? తీయించేస్తే నెల నెలా ఈ బాధ వదులుతుంది.”

ఎక్కువగా ఎర్రబట్ట అవుతున్న ఇల్లాలికి అత్తగారో, తోడికోడలో, పొరుగింటి పిన్నిగారో చెప్పే మాట ఇది. ఒక్కొక్క చోట ఆసుపత్రిలోనూ ఇదే వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఇందులో వైద్యం పాలు ఎంత, డబ్బు లెక్క పాలు ఎంత అన్నది విడదీసి చూడడం మీకు చాలా అవసరం. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 8.9. తెలంగాణలో 7.7. ఆ తరువాత 2019-21లో జరిగిన సర్వేలోనూ మన రెండు రాష్ట్రాలూ ముందు వరసలోనే ఉన్నాయి. మన ఆడవాళ్ళకు మాత్రమే ఇంత ఎక్కువగా గర్భసంచి జబ్బులు వస్తాయా? అలా అనుకోవడానికి ఆధారమేమీ లేదు. ఈ అలవాటు బీమా పథకాలకంటే ముందే మన దగ్గర ఉన్న మాట నిజమే. క్యాన్సరు భయం, కూలి పోతుందన్న దిగులు, “పని అయిపోయిన అవయవం” అనే అపోహ, ఇవన్నీ కారణాలే. అయితే డబ్బు ఎటు ప్రవహిస్తే వైద్యమూ అటే మొగ్గుతుందన్నది కూడా కాదనలేని సంగతి.

బీమా దేనికి డబ్బిస్తుంది?

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2018లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ వచ్చింది. వీటికి తోడు ఉద్యోగుల బీమా, ఎవరికి వారు కట్టుకునే పాలసీలు ఉండనే ఉన్నాయి. గుండె ఆపరేషను కోసం పొలం అమ్ముకునే దుస్థితిని ఇవి ఎన్నో కుటుంబాలకు తప్పించాయి. ఆ మేలును మరవరాదు.

కాని వీటిలో చాలా వాటి పద్ధతి ఒకటే. ఆసుపత్రిలో పడక మీద చేరితే, ఆపరేషను చేస్తే డబ్బు వస్తుంది. ఒక్కొక్క ఆపరేషనుకు ఇంత అని ప్యాకేజీ ఉంటుంది. అదే ఒక స్త్రీని నాలుగు నెలల పాటు పరీక్షించి, రక్తహీనతకు మందిచ్చి, మాత్రలు మార్చి చూసి నయం చేశారనుకోండి. ఆ చీటీలకు, ఆ మందులకు చాలా పాలసీల్లో పైసా రాదు. అంటే మాత్రల ఖర్చు మీ జేబులోంచి, ఆపరేషను ఖర్చు బీమాలోంచి! అప్పుడు రోగికి కోత “ఉచితం”గానూ, మందు “ఖరీదు”గానూ కనిపిస్తుంది. ఆసుపత్రికీ కోతే లాభసాటి. డాక్టర్లందరూ దురాశాపరులని దీని అర్థం కాదు. తక్కెడ ఒక పక్కకు వంగి ఉంటే, ఎంత నిజాయితీగా తూచినా ఆ పక్కకే మొగ్గుతుంది.

వైద్య మార్గదర్శకాలు ఏం చెబుతున్నాయి?

ఈ తక్కెడను సరిచేసేవే వైద్య మార్గదర్శకాలు. ఏ జబ్బుకు ముందు ఏ పరీక్ష చేయాలి, ముందు ఏ మందు వాడాలి, ఎప్పుడు ఆపరేషనుకు వెళ్ళాలి అని అనుభవజ్ఞులు, పరిశోధనలను పరిశీలించి రాసిపెట్టిన వరస అది. అధిక రక్తస్రావం విషయంలో ఆ వరస స్థూలంగా ఇలా ఉంటుంది.

మొదట రక్తం ఎంత ఉందో, అవసరాన్నిబట్టి థైరాయిడ్ ఎలా ఉందో చూడాలి. గర్భం లేదని నిర్ధారించుకోవాలి. లోపలి పరీక్ష, స్కానింగు చేయాలి. నలభై అయిదు దాటినవారికి, అనుమానం ఉంటే అంతకు ముందే, గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపాలి. కారణం ప్రమాదకరమైనది కాకపోతే, ముందు మందులతో ప్రయత్నించాలి. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, నొప్పి మాత్రలు, హార్మోను మాత్రలు, కొన్నేళ్ళపాటు పనిచేసే హార్మోను లూపు, ఇవన్నీ ఉన్నాయి. ఏది ఎవరికి పనికివస్తుందో డాక్టరే చెప్పాలి. సొంతంగా కొని వాడరాదు. రక్తం తక్కువైన వారికి ఐరన్ తప్పనిసరి.

స్కానింగులో చిన్న గడ్డ కనిపించినంత మాత్రాన హడలిపోనక్కరలేదు. ఏ బాధా పెట్టని ఫైబ్రాయిడ్ గడ్డలకు తరచు ఏ చికిత్సా అక్కరలేదు. ముట్లు ఆగిపోయాక అవి సాధారణంగా చిన్నవైపోతాయి. ఒట్టి తెల్లబట్టకు గర్భసంచి తీసివేయడం వైద్యం కానే కాదు. “ముందు ముందు క్యాన్సరు వస్తుందేమో” అన్న భయానికి మందు కత్తి కాదు, పరీక్ష. ముప్పై దాటిన స్త్రీలు గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు పరీక్ష చేయించుకుంటూ ఉంటే, రాబోయే జబ్బును చాలా ముందుగానే పట్టుకోవచ్చు.

మరి ఆపరేషను ఎప్పుడు? క్యాన్సరు ఉన్నప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం మనిషిని కుంగదీస్తున్నప్పుడు, పెద్ద గడ్డలు బాధిస్తున్నప్పుడు, గర్భసంచి బాగా జారినప్పుడు అది అవసరం కావచ్చు. అలాంటప్పుడు భయపడి వాయిదా వేయడమూ తప్పే.

తీసేస్తే పోయేదేమిటి?

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్పై అయిదేళ్ళ మనిషికి ఒక్క రోజులో ముట్లుడిగిన వయసు వచ్చి పడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం, ముందు ముందు గుండె జబ్బు ముప్పు పెరగడం దాని ఫలితాలు. అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి మామూలుకంటే ముందే పని మానేస్తాయి. ఇప్పటికే చిన్న వయసులో రెండు అండాశయాలూ తీయించుకున్నవారు బాధపడుతూ కూర్చోకుండా, హార్మోను చికిత్స, ఎముకల సంరక్షణ గురించి డాక్టరును అడగండి.

న్యాయస్థానం మాట

బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో బీమా పథకాల కింద అనవసరంగా ఇలాంటి ఆపరేషన్లు జరిగాయన్న వ్యాజ్యం 2013లో సుప్రీం కోర్టుకు చేరింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో అనవసర ఆపరేషన్ల నివారణకు మార్గదర్శకాలు తయారుచేసింది. వాటిని మూడు నెలల లోపు రాష్ట్రాలన్నీ అమలులోకి తేవాలని ఏప్రిల్ 5, 2023న కోర్టు ఆదేశించింది. ఈ ఆపరేషన్ల మీద నిఘా ఉంచే కమిటీలు జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ఉండాలన్నది అందులో ముఖ్యమైన సంగతి. కనుక మీరు ప్రశ్న అడిగితే అది డాక్టరును అవమానించడం కాదు. మీ హక్కు.

కత్తికి రెండో వైపు

ఈ మార్గదర్శకాలనే పట్టుకుని బీమా కంపెనీలు నిజంగా అవసరమైన వైద్యానికీ అడ్డు చెప్పే సందర్భాలు లేకపోలేదు. “మందులు వాడి చూడలేదు, ఆసుపత్రిలో చేరనక్కరలేదు” అని క్లెయిము తిరగ్గొడతారు. మార్గదర్శకం దారి చూపే రాయి వంటిది. నడిచే మనిషి కాళ్ళను చూసి నిర్ణయించవలసింది డాక్టరే. అందుచేత మీ విషయంలో ఆపరేషను ఎందుకు అవసరమైందో, ఇంతకు ముందు ఏయే మందులు వాడారో కేస్ షీటులో స్పష్టంగా రాయమని కోరండి. పాత చీటీలు, రిపోర్టులు పారేయకండి. ఇంకో సంగతి. చాలా పాలసీలు గర్భసంచి ఆపరేషనుకు మొదటి రెండేళ్ళూ డబ్బివ్వవు. పాలసీ కాగితం ముందే చదవండి.

క్లెయిము తిరగ్గొడితే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెల లోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలూ అక్కరలేదు.

అడగవలసిన అయిదు ప్రశ్నలు

ఆపరేషను అనగానే ఈ అయిదూ అడగండి. ఒకటి, నాకున్న జబ్బు పేరేమిటి? రెండు, మందులతో ప్రయత్నించవచ్చా, ఎన్నాళ్ళు? మూడు, ఇప్పుడే చేయించుకోకపోతే ఏమవుతుంది? నాలుగు, అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, ఎందుకు? అయిదు, నా చేతి డబ్బుతో అయినా మీరు ఇదే సలహా ఇస్తారా?

జవాబులు తృప్తిగా లేకపోతే మరో స్త్రీ వైద్య నిపుణురాలిని, వీలైతే ప్రభుత్వ ఆసుపత్రిలో, సంప్రదించండి. నలభై లోపువారైతే రెండవ అభిప్రాయం లేకుండా సంతకం పెట్టకండి. ఈ ఆపరేషనులో అత్యవసరంగా ఆ రోజే చేయవలసినవి బహు తక్కువ.

ఒక్క హెచ్చరిక మాత్రం మరవకండి. ముట్లు ఆగిపోయిన ఏడాది తరువాత ఒక్క చుక్క కనిపించినా, కలయిక తరువాత రక్తం కనిపించినా, దుర్వాసనతో ఎర్రని నీరు పోతున్నా, గంటకో బట్ట తడిసిపోతూ కళ్ళు తిరుగుతున్నా ఆలస్యం చేయవద్దు. అప్పుడు కార్డు ఉందా లేదా అని కూడా చూడకుండా ఆసుపత్రికి వెళ్ళండి.