లాస్ వెగాస్‌లో సూపర్ హిట్.. లండన్‌లో నో ఎంట్రీ! ఎల్‌ఈడీ గోళానికి బ్రేక్ ఎందుకు పడిందంటే..

భవనం మొత్తం టీవీ తెరలా వెలుగుతుంది. ఓసారి పెద్ద కనుగుడ్డులా, మరోసారి చందమామలా, ఇంకోసారి బాస్కెట్‌బాల్‌లా మారిపోతుంది. లాస్ వెగాస్‌లోని ‘స్ఫియర్’ వీడియోలు ఫోన్‌లో చూడనివాళ్లు తక్కువే. అచ్చం అలాంటిదే లండన్‌లోనూ కడతామంటే మాత్రం అక్కడి మేయర్ సాదిఖ్ ఖాన్ కుదరదన్నారు. వేదిక మీద కంటే దాని ఒంటి మీది లైట్ల మీదే అసలు గొడవ నడిచింది.

అసలేంటీ స్ఫియర్?

ఎత్తు 366 అడుగులు, వెడల్పు 516 అడుగులు. బయటి గోడ మీద దాదాపు 5.8 లక్షల చదరపు అడుగుల ఎల్‌ఈడీ తెర. 2023 జులై 4న తొలిసారి వెలిగింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో యూ2 బ్యాండ్ కచేరీతో హాలు మొదలైంది. లోపల టికెట్ల ఆదాయం, బయట ప్రకటనల ఆదాయం. అంటే ఇది కచేరీ హాలే కాదు.. ఓ భారీ హోర్డింగ్ కూడా!

లండన్‌లో ఏం అడిగారు?

ఈస్ట్ లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో, 2012 ఒలింపిక్స్ అప్పుడు బస్సులు నిలిపిన స్థలాన్ని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ సంస్థ ఎంచుకుంది. 21,500 మంది పట్టే హాలు ప్లాన్. దీనికి రెండు అనుమతులు కావాలి. ఒకటి భవనానికి, రెండోది ప్రకటనలకు. ఇంగ్లండ్‌లో ప్రకటన అనుమతికి అధికారులు చూడాల్సినవి రెండే.. చుట్టుపక్కల వాతావరణం దెబ్బతింటుందా? జనం భద్రతకు ముప్పుందా? మామూలుగా ఈ అనుమతి ఐదేళ్లకే ఇస్తారు. సంస్థ అడిగింది ఏకంగా 25 ఏళ్లకు!

2022 మార్చిలో ఒలింపిక్ పార్క్ ప్రాంత అభివృద్ధి సంస్థ (ఎల్‌ఎల్‌డీసీ) ప్లానింగ్ కమిటీ ఓకే చెప్పింది. స్థానికులు మాత్రం ఒప్పుకోలేదు. ఎదురుగానే అపార్ట్‌మెంట్లు.. పడగ్గది కిటికీలోకి రాత్రిపూట యాడ్స్ వెలుతురు కొడితే నిద్రెలా పడుతుందని నిలదీశారు. కావాలంటే వెలుతురు రాకుండా మందపాటి తెరలు ఇస్తామంది సంస్థ. ఇదే వాళ్లకు మరింత మంటెక్కించింది. లైట్లు వాళ్లవి, తలుపులు, తెరలు మూసుకోవాల్సింది మేమా? అన్నది జనం ప్రశ్న.

మేయర్ ఎందుకు కాదన్నారు?

లండన్‌లో పెద్ద ప్రాజెక్టులను కింది సంస్థ ఓకే చేసినా, తిరస్కరించమని ఆదేశించే అధికారం మేయర్‌కు ఉంటుంది. 2023 నవంబర్‌లో ఆయన అదే చేశారు. వెలుతురు వందలాది ఇళ్లపై పడుతుందని, కరెంటు వాడకం చాలా ఎక్కువని, ఆకారం చుట్టుపక్కల వాతావరణానికి సరిపడదని కారణాలు చెప్పారు. తర్వాత కేంద్రంలో మంత్రి మైకేల్ గోవ్ జోక్యం చేసుకుని ఫైలును ఆపారు. అయినా 2024 జనవరిలో సంస్థే దరఖాస్తు వెనక్కి తీసుకుంది. తమ ప్రాజెక్టును రాజకీయాలకు వాడుకుంటున్నారన్నది దాని ఆరోపణ. అదే ఏడాది అక్టోబర్‌లో అబుదాబి స్ఫియర్‌ను ప్రకటించింది.

తేడా ఎక్కడుంది?

గోళం ఒకటే, పొరుగే వేరు. వెగాస్ స్ట్రిప్ పక్కన కళ్లు జిగేల్‌మనిపించడమే వ్యాపారం. అక్కడి చుట్టుపక్కల ఎక్కువగా హోటళ్లే. స్ట్రాట్‌ఫర్డ్‌లో చుట్టూ కాపురాలు. షో నచ్చకపోతే ప్రేక్షకుడు టికెట్ కొనడు. కిటికీ పక్కనున్నవాళ్లకు ఆ చాయిస్ లేదు. రూల్‌కు మినహాయింపు ఇచ్చేముందు అధికారులు తూచాల్సింది ఇదే.

ఇది హైదరాబాద్‌కూ కొత్త కాదు. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ సర్కార్ జీవో 68 తెచ్చింది. నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటిన ప్రకటన బోర్డులకు, మినుకుమినుకుమనే లైట్ల యాడ్స్‌కు బ్రేక్ వేసింది. మల్టీప్లెక్స్‌లు, మాల్స్ పెరిగేకొద్దీ కొత్త తెరలకు దరఖాస్తులు వస్తూనే ఉంటాయి. ఉద్యోగాలు, టూరిజం, పన్నులు అంటూ లాభాల లెక్క సంస్థే చెప్తుంది. నష్టం లెక్క చెప్పాల్సింది ఎదురింట్లో ఉండేవాళ్లే. స్ట్రాట్‌ఫర్డ్ వాసులు ఏళ్ల తరబడి అభ్యంతరాలు రాస్తూ పోయారు కాబట్టే వాళ్ల మాట ఫైల్లోకి ఎక్కింది.